మైకు మోత ఎవరి ఓటు మారుస్తుంది? గోదావరి డెల్టా లెక్క

[తెర మీద: భీమవరం బజారు, కాలవ గట్టు మీద మైకు కట్టిన ఆటో]

నమస్తే అండి. భీమవరంతో మొదలుపెడదాం.

2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఇక్కడ ముక్కోణపు పోటీ జరిగింది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్‌కి 70 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. జనసేన అధినేత పవన్ కల్యాణ్‌కి 62 వేల పైన, తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకి 54 వేలు. ఎనిమిది వేల చిల్లర తేడాతో పవన్ కల్యాణ్ ఓడిపోయారు. రామాంజనేయులు గారు మూడో స్థానంలో ఆగిపోయారు.

ఐదేళ్లు తిరిగేసరికి ఆ రామాంజనేయులు గారే జనసేన గుర్తు మీద నిలబడ్డారు. ఎదురుగా మళ్లీ గ్రంధి శ్రీనివాసే. ఈసారి రామాంజనేయులు గారి మెజారిటీ 66 వేలు దాటింది. మూడో స్థానంలో ఉన్న మనిషికి ఇంత మెజారిటీ! ఫలితాలు వచ్చిన రోజు ఎవరిని అడిగినా "ప్రచారం బ్రహ్మాండంగా చేశారండి, జనం మారిపోయారు" అన్నారు.

జనం ఎంత మారారో అంకెల్లో చూడండి.

[తెర మీద: రెండు ఎన్నికల ఓట్లు పక్కపక్కన]

గ్రంధి శ్రీనివాస్‌కి 2019లో వచ్చినవి 70 వేల పైన, 2024లో వచ్చినవి 63 వేల పైన. తగ్గింది సుమారు ఏడు వేలు. ఇక 2019లో రెండో స్థానం, మూడో స్థానం ఓట్లు కలిపి చూడండి, లక్షా 16 వేలు అవుతాయి. అంటే ఆ రెండు పార్టీలూ అప్పుడే కలిసి ఉంటే, కాగితం మీద తేడా 45 వేలు దాటేది. 66 వేల మెజారిటీలో పెద్ద ముక్క ఐదేళ్ల కిందటే అక్కడ పడి ఉంది. మిగతా 20 వేల కోసం 20 వేల మంది మనసు మార్చుకోవాల్సిన పని కూడా లేదు. ఒక ఓటరు అటు నుంచి ఇటు వస్తే అక్కడ ఒకటి తగ్గి ఇక్కడ ఒకటి పెరుగుతుంది, మెజారిటీ రెండు పెరుగుతుంది. పది వేల మంది మారితే చాలు. దాదాపు రెండు లక్షల ఓట్లు పోలయ్యే నియోజకవర్గంలో పది వేలంటే ఎంతో మీరే చూసుకోండి. కొత్త ఓటర్లు చేరారు, కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలారు, కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ బొమ్మ మాత్రం స్పష్టంగానే ఉంది. ఓడిన వైపు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు.

అలాగని ప్రచారం దండగ అంటున్నానా? కాదండి. ప్రచారం చేసే పని మనం అనుకునేది కాదు, వేరే ఉంది. అది భీమవరంలోనే చక్కగా కనిపిస్తుంది.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీల పొత్తు కదా. భీమవరం అసెంబ్లీ సీటు జనసేనకి వెళ్లింది, గుర్తు గాజు గ్లాసు. భీమవరం వచ్చేది నరసాపురం లోక్‌సభ కిందకి, అది బీజేపీకి వెళ్లింది, గుర్తు కమలం. అంటే పార్టీ పుట్టినప్పటి నుంచీ సైకిల్‌కే నొక్కిన పెద్దావిడకి ఆ రోజు రెండు మెషీన్లలోనూ సైకిల్ లేదు! ఆవిడ మనసు మార్చక్కర్లేదు. ఆవిడ ఏ ప్రభుత్వం కావాలో ఎప్పుడో తేల్చేసుకుంది. కానీ ఆవిడ వేలు సరైన బొత్తాం మీదకి వెళ్లాలి. తెల్ల కాగితం అంటించిన మెషీన్ లోక్‌సభది, గులాబీ రంగుది అసెంబ్లీది, ఇక్కడ కమలం, అక్కడ గ్లాసు అని ఎవరో ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, నమూనా బ్యాలెట్ చూపించి చెప్పాలి. "మన సైకిల్ ఏదమ్మా?" అని అడిగితే విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి. పొత్తుల ఎన్నికల్లో ఓటు బదిలీ అనేది ఇదే. నాయకులు వేదిక మీద చేతులు కలిపితే అది జరిగిపోదు, గుమ్మం గుమ్మం దగ్గర జరగాలి. ప్రచారంలో అన్నిటికన్నా విలువైన పని ఇదేనని నా నమ్మకం. మన చర్చల్లో దీనికి చోటే ఉండదు.

[తెర మీద: పాత అమెరికా గ్రామీణ వీధి]

ప్రచారం మనసుల్ని ఎంత మారుస్తుందో మొదట పద్ధతిగా కొలిచింది అమెరికాలో. 1940లో రూజ్‌వెల్ట్‌కీ విల్కీకీ మధ్య అధ్యక్ష పోటీ. ఒహాయో రాష్ట్రంలో ఈరీ కౌంటీ అనే చోట పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సుమారు 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా అదే మనుషులని పదే పదే కలిసి మాట్లాడింది. రేడియో, పత్రికలు మనుషులని ఇటు నుంచి అటు తిప్పేస్తాయేమో చూద్దామని వెళ్లారు. తేలింది వేరు. సుమారు సగం మంది మే నెలలోనే తేల్చేసుకున్నారు, చివరిదాకా అక్కడే ఉన్నారు. వాళ్లకి ప్రచారం తమ నిర్ణయం సరైనదే అన్న ధైర్యం ఇచ్చింది, అంతవరకే. ఒక పక్షం నుంచి పూర్తిగా ఎదుటి పక్షానికి మారినవాళ్లు వందలో ఎనిమిది మంది.

అందులో నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకోటి ఉంది. ప్రచారాన్ని ఎక్కువగా విన్నదీ చదివిందీ అప్పటికే తేల్చేసుకున్నవాళ్లు. తేల్చుకోనివాళ్లు అసలు పెద్దగా వినలేదు. ఎవరి కోసం ఇంత మోత మోగుతోందో వాళ్ల చెవిన అది పడటమే తక్కువ.

మన సభలు గుర్తు తెచ్చుకోండి. ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవి గారి 2009 ఎన్నికల రోడ్‌షోలకి జనం ఎలా వచ్చారో గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆయన పుట్టింది నరసాపురం పక్కన మొగల్తూరు. పోటీ చేసింది ఆ చేరువలోనే ఉన్న పాలకొల్లులో, ఇంకా తిరుపతిలో. తిరుపతిలో గెలిచారు, పాలకొల్లులో ఓడిపోయారు. ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లకి పార్టీకి వచ్చినవి 18. అభిమానం అబద్ధం కాదు, జనం అబద్ధం కాదు. సభకి వచ్చినవాళ్లు వచ్చారు, రాని ఇళ్లలో ఓట్లు వేరేగా ఉన్నాయి. సభలో తలకాయలు లెక్కపెట్టి ఫలితం చెప్పేవాళ్లని నమ్మకండి.

[తెర మీద: చెరువు గట్టు, ఏరియేటర్లు తిరుగుతున్నాయి]

ఇప్పుడు తేల్చుకోనివాళ్ల సంగతి. వీళ్లని మనూళ్లో గోడమీద పిల్లులు అంటారు. ఏ లాభం చూసుకుని అటు దూకుతారో అన్నట్టు మాట్లాడతారు. అది అన్యాయమండి. వీళ్లలో చాలామంది నిజంగా రెండు వైపులా లాగబడుతున్నవాళ్లు.

ఆకివీడు వైపు రొయ్యల చెరువు చేసే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటి పెద్దలది తరతరాలుగా ఒక పార్టీ. కొడుక్కి కరెంటు రేటు, మేత ధర, రొయ్య కౌంటు ధర లెక్కేస్తే ఇంకో పార్టీ మేలనిపిస్తుంది. కోడలి పుట్టింటివాళ్లది మూడో దారి. లేదా కోనసీమలో ఒక కౌలు రైతు. భూమి యజమానిది ఒక పక్షం, మునిగిన చేనుకి పరిహారం ఎవరిస్తారో అన్న ఆశ ఇంకో పక్షం, కులపెద్దల మాట మరో పక్షం. ఇలా నలిగేవాళ్లు ఆలస్యంగా తేల్చుకుంటారని, కొందరైతే విసిగి ఓటుకే వెళ్లరని ఈరీ కౌంటీలో కూడా తేలింది. వాళ్లకి రాజకీయం తెలియక కాదు, తెలిసినవన్నీ ఒక వైపుకి కలవక.

వీళ్లు చివరికి ఎవరి మాట వింటారు? లాజర్స్‌ఫెల్డ్ బృందం చెప్పింది, మాట రెండు అంచెల్లో చేరుతుందని. రేడియో నుంచి ఊళ్లో పట్టించుకునే నలుగురికి, ఆ నలుగురి నుంచి మిగతావాళ్లకి. మన దగ్గర ఆ నలుగురు ఎవరో మీకు తెలుసు. డ్వాక్రా గ్రూపు లీడరమ్మ. ఆర్‌ఎంపీ డాక్టరు గారు. ధాన్యం కమీషన్ వ్యాపారి. రావులపాలెం అరటి మార్కెట్లో గెల బేరం చేస్తూ రెండు ముక్కలు చెప్పే మనిషి. ఇప్పుడు వీళ్ల పక్కన వాట్సాప్ గ్రూపు కూడా చేరింది, కానీ ఆ మెసేజ్‌ని నమ్మాలా వద్దా అన్నది పంపిన మనిషిని బట్టే ఉంటుంది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు బహిరంగ సభలు ఆగిపోవాలి. మైకు ఆగుతుంది. ఆఖర్న తేల్చుకునేవాళ్లు సరిగ్గా ఆ నిశ్శబ్దంలో తేల్చుకుంటారు, ఇంట్లోవాళ్లతో, పక్కింటివాళ్లతో మాట్లాడి. డబ్బు కవర్లు తిరిగేదీ ఆ రెండు రాత్రులే, దాచడం ఎందుకు. తీసుకున్నవాళ్లందరూ చెప్పినట్టు వేస్తారని పంచేవాళ్లు కూడా నమ్మరు. ఎదుటివాడు పంచుతున్నాడన్న భయంతో పంచుతారు. అసెంబ్లీ అభ్యర్థికి మన రాష్ట్రంలో ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ అంకె వింటే ఊళ్లో నవ్వుతారు, నాకు మాత్రం బాధేస్తుంది.

[తెర మీద: ఇల్లిల్లూ తిరుగుతున్న కార్యకర్తలు]

కొత్త పరిశోధన ఏమంటోంది? 2018లో జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే ఇద్దరు రాజనీతి పరిశోధకులు అమెరికాలో జరిగిన 49 క్షేత్ర ప్రయోగాలని కలిపి చూశారు. సాధారణ ఎన్నికల్లో ఇంటికెళ్లి మాట్లాడటం, ఫోన్లు, కరపత్రాలు, ఇవి ఓటరు ఎంపికని సగటున ఎంత మార్చాయి అంటే, దాదాపు సున్నా. కానీ ఒకే పార్టీలో అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో, ఏదో ఒక ప్రతిపాదన మీద నేరుగా జరిగే ఓటింగుల్లో మాత్రం ప్రచారం పనిచేసింది. పార్టీ పేరు చూసి తేల్చుకునే దారి లేనప్పుడు మనిషి చెవి పెట్టి వింటాడన్నమాట. అమెరికాది అమెరికాకే చెల్లు, అక్కడ రెండే పెద్ద పార్టీలు. అయినా మన పంచాయతీ ఎన్నికలు చూడండి, వాటిలో పార్టీ గుర్తులు ఉండవు. సర్పంచికి పోటీ చేసేవాళ్లిద్దరూ తెలిసినవాళ్లే అయినప్పుడు, ఎవరు ఇంటికొచ్చారు, ఎవరు డ్రెయిన్ సంగతి మాట్లాడారు అన్నది లెక్కలోకి వస్తుంది. అక్కడ ఇరవై ఓట్లు కూడా ఫలితం తిప్పేస్తాయి.

మనసు మారకపోయినా కాళ్లు కదులుతాయి. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు సుమారు 30 వేల మంది ఓటర్లతో ప్రయోగం చేశారు. ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి "ఓటుకి రండి" అని అడిగితే ఓటేసేవాళ్లు బాగా పెరిగారు. ఫోన్ చేసి అడిగితే ఫలితం లేదు. 2024 మే 13న మన దగ్గర పోలింగ్ 80 శాతం దాటింది. అంతకు ముందు రెండు రోజులూ హైదరాబాద్ నుంచి బస్సుల్లో, రైళ్లలో చోటు లేదు. వాళ్లలో ఎక్కువమంది ఎవరికి వేయాలో తేల్చుకునే ఎక్కారు. ఎక్కించింది మాత్రం ఊరి నుంచి వచ్చిన పిలుపు, "వస్తున్నావా లేదా రా?" అని అన్నయ్యో మావయ్యో అడిగిన మాట.

[తెర మీద: రెండు గోదావరి జిల్లాల పటం, 34 సీట్లు]

ఇంత చెప్పాక మీరు అడుగుతారు. 2019లో పాత ఉభయ గోదావరి జిల్లాల్లో 34 సీట్లలో 27 వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చాయి, 2024లో ఒక్కటీ రాలేదు, మరి ఇది మార్పు కాదా అని. మార్పే. కానీ రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీ ఓట్లు వందలో యాభై నుంచి ముప్ఫై తొమ్మిదికి వచ్చాయి. మనుషులు కదిలింది వందకి పదకొండు మంది, సీట్లు కొట్టుకుపోవడానికి అది, దానికి తోడు అవతల పొత్తు, సరిపోయాయి. ఆ పదకొండు మంది కూడా మార్చి 16న షెడ్యూల్ వచ్చాక కూర్చుని ఆలోచించినవాళ్లు మాత్రమే కాదు. ధాన్యం డబ్బు ఖాతాలో ఎప్పుడు పడింది, శివారు పొలానికి దాళ్వా (రెండో పంట) నీళ్లు అందాయా, ఊరి రోడ్డు మీద గుంత ఎన్నేళ్లు ఉంది, పింఛను ఇంటికొచ్చిందా, ఇవన్నీ ఐదేళ్లు పోగైన లెక్కలు. ప్రచారం వాటిని గుర్తు చేస్తుంది, అటువైపూ ఇటువైపూ.

ఒక్కోసారి గుర్తు చేయడమే పెద్ద పని. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి, చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అంతకన్నా గొప్ప ప్రచారం మన నేల మీద నేను చెప్పలేను. అప్పటికే వరసగా మారుతున్న ముఖ్యమంత్రులని చూసి జనం మండిపడి ఉన్నారు. ఆ మంటకి పోవడానికి చోటు లేదు. ఆ చోటు చూపించింది ప్రచారం.

ఇప్పుడు ఢిల్లీ సంగతి చెప్పి ముగిస్తాను. 2008 అసెంబ్లీ ఎన్నికలప్పుడు అక్కడి మురికివాడల్లో కొన్నిచోట్ల ఇంటింటికీ ఒక పత్రిక పంచారు. అందులో సిట్టింగ్ ఎమ్మెల్యే సభలో చేసిన పని, నిధులు ఖర్చుపెట్టిన తీరు, పోటీలో ఉన్నవాళ్ల చదువు, ఆస్తులు, కేసులు. ఎవరికి వేయమనీ చెప్పలేదు. ఆ చోట్ల ఓటేసినవాళ్లు పెరిగారు, ఓటుకి డబ్బు పంచడం తగ్గింది, పనిచేసిన ఎమ్మెల్యేలకి ఓట్లు ఎక్కువ పడ్డాయి. ఇదీ ప్రచారమే, పార్టీ లేని ప్రచారం.

ఇలాంటి కాగితం మన మండలానికీ తయారు చేయొచ్చు. అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో అందరికీ దొరుకుతాయి, ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అందులోనే. దానికి మన ఊరి సంగతులు చేర్చండి. ఏ డ్రెయిన్‌లో పూడిక తీశారు, దేనిలో తీయలేదు, ఏ రోడ్డుకి ఎంత మంజూరైంది, ఎంత వేశారు. రెండు పేజీలు చాలు, ఎవరినీ పొగడక్కర్లేదు, తిట్టక్కర్లేదు. మీ ఊళ్లో ఆ నలుగురి చేతిలో అది పెట్టండి, ముందుగా డ్వాక్రా లీడరమ్మ చేతిలో.