డ్రైవర్ మినహా

(నల్గొండలోని ఒక జూనియర్ కాలేజీలో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, నా పాత శిష్యులకు... పేర్లు చదివితే పొద్దుగూకుతది, అందరికీ ఒకటే నమస్కారం.

రామన్ గారి గురించి చెప్పమన్నరు. 1928 ఫిబ్రవరి 28 సంగతి మీ పుస్తకంలనే ఉంది, చదువుకోండి. నాకు 28 కంటే ముందు 26 యాదికొస్తది. 2022లో ఆ రోజే మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలింది. సెస్నా 152, రెండే సీట్లు. నడిపే అమ్మాయి ఒక్కతే ఉండె, పోయింది. ఆ సాయంత్రం చాయ్ హోటల్ల ఒకాయన అన్నడు: "ఒక్కరే గదా, నయం." ఆ మాట నాకు ఇప్పటికీ గొంతు దిగలే.

అది పట్టపగలు. ఇగ రాత్రిపూట సరుకు మోసే చిన్న విమానాల సంగతి చూడండి. సెస్నా 208 క్యారవాన్ అని ఒకటుంది, ఒంటి ఇంజను, మన డీసీఎం లెక్క. పార్సిల్ తెల్లారేసరికి చేరాలె, అందుకే రాత్రి ఎగురుడు. చాలాసార్లు లోపల ఒక్కడే పైలట్. పెద్ద ఉరుముల మబ్బుకు 37 కిలోమీటర్లు ఎడంగ ఉండాలంటరు, అంటే ఇక్కడికీ మిర్యాలగూడకూ ఉన్నంత. చీకట్ల, వానల, టైమ్ దాటుతుంటే ఎంతమందికి అంత చుట్టు తిరగబుద్ధయితది?

ఓ బాబూ, రెండో వరుస, నువ్వే, ఇటు రా. ఆఫీసు రూములోని తిరిగే కుర్చీ తెండి. కూర్చో, కండ్లు మూసుకో. తిప్పండి, మెల్లగా, ఒకే తీరుగ... ఆపండి. ఇప్పుడెటు తిరుగుతున్నవ్? అటా? కుర్చీ ఆగింది బిడ్డా! (నవ్వులు)

నవ్వకండి. చెవి లోపలి గొట్టాలల్ల నీళ్లసొంటి ద్రవం చేసే మోసం అది. మబ్బుల పైలట్‌కు గిదే అయితది: రెక్క వంగినా తిన్నగ పోతున్న అనుకుంటడు. 1954లో అమెరికాల ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు, పరికరాలు చూసి నడపడం నేర్వని 20 మందిని, బయట ఏం కనపడకుండ చేసి నడపమన్నరు. సగటున 178 సెకన్లల్ల విమానం చెయ్యి దాటింది. మూడు నిమిషాలు గూడ కాదు. నేర్చినోడు పరికరంల ముల్లును నమ్ముతడు, నిజమే. కానీ అలిసిపోయిన ఒంటిగాడు, ఒళ్లంతా ఒకటి చెప్తుంటే ముల్లు ఇంకోటి చెప్తుంటే, ఎంతసేపు నమ్ముతడు?

మా తమ్ముడు డీసీఎం తోలేటోడు. 1998 ఆగస్టు, హాలియాల బత్తాయిలు ఎత్తిండు, కొత్తపేట మార్కెట్‌కు. సాగర్ రోడ్డు మీద మాల్ అనే ఊరు దాటినంక కుండపోత వాన. బండి కల్వర్టు కింద పడ్డది. పేపర్ల నాలుగు లైన్లు వచ్చింది: "డ్రైవర్ మినహా ఎవరికీ ఏమీ కాలేదు." మినహా! మా అమ్మకు చదువు రాదు, ఆ ముక్క నాతోటి మూడుసార్లు చదివించుకున్నది.

బత్తాయిలు మాత్రం తెల్లారి మార్కెట్‌కు చేరినయ్. వేరే బండికి ఎత్తి పంపిన్రు.

రామన్ గారి గురించి వచ్చే ఏడు చెప్త. బాబూ, తల తిరుగుడు తగ్గిందా? పోయి కూర్చో. ఆ కుర్చీ ఆఫీసు రూముల పెట్టేయండి.