కలివి కోడి గురించి ముందు ఏ ప్రశ్న అడగాలి?

నమస్తే అండి. ఈ రోజు ఒక పిట్ట గురించి మాట్లాడదాం. కౌజు పిట్ట కన్నా కాస్త చిన్నది, పొడవు 27 సెంటీమీటర్లు. ఛాతీ మీద అడ్డంగా రెండు పట్టీలు, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ. పగలంతా పొద నీడలో కదలకుండా కూర్చుంటుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి నేల మీద పరుగులు తీస్తుంది. కడప జిల్లాలో దీన్ని కలివి కోడి అంటారు. కలివి పొదలు తెలుసు కదా, నల్లగా పండిన కాయలు చిన్నప్పుడు కోసుకుని తింటాం, చేతులకు ముళ్లు గీసుకుంటాం. ఆ పొదల మధ్య తిరిగే కోడి కాబట్టి కలివి కోడి. శాస్త్రవేత్తలు మాత్రం జెర్డాన్స్ కోర్సర్ అంటారు.

ఈ పిట్టను పుస్తకాల్లోకి ఎక్కించింది 1848లో. థామస్ జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని చూశాడు, అందుకే ఆ పేరు. తర్వాత గోదావరి వైపు సిరొంచ, భద్రాచలం దగ్గర కూడా ఉన్నట్టు రాసుకున్నారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. అంతే, ఆ తర్వాత 86 ఏళ్లు జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పిట్ట బొమ్మతో పోస్టర్లు వేసి ఊళ్లలో చూపించారు. కడప జిల్లాలోని లంకమల కొండల కింద ఊళ్లవాళ్లు "ఇదా, ఇది మాకు తెలుసు" అన్నారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే పరిశోధకుడి కోసం రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట దాన్ని పట్టి ఇచ్చింది కూడా ఆ చుట్టుపక్కల మనిషే. అంతకుముందు వెతికినవాళ్లు ఎందుకు ఓడిపోయారంటే, ఇది రాత్రి తిరిగే పిట్ట అన్న సంగతి వాళ్లకు తెలియదు. ఆ ఊళ్లో వాళ్లకు తెలుసు. అడిగినవాళ్లే లేరు.

నా బాధంతా ఇక్కడే. తూర్పు కనుమల్లో ఏం పరిశోధించాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఏ ప్రశ్నకు ముందు డబ్బు, మనుషులు, కాలం పెట్టాలి?

పడమటి కనుమల పేరు ప్రపంచమంతా తెలుసు. నార్మన్ మయర్స్ అనే శాస్త్రవేత్త 'హాట్‌స్పాట్' అనే లెక్క ఒకటి తెచ్చాడు, అరుదైన జీవజాతులు ఎక్కువగా ఉండి ముప్పులో పడిన చోట్లను గుర్తించడానికి. మరెక్కడా లేని మొక్కజాతులు కనీసం 1500 ఉండాలి, అసలు వృక్షసంపదలో 70 శాతం పోయి ఉండాలి. పడమటి కనుమలు, శ్రీలంక కలిపి ఆ జాబితాలో ఉన్నాయి. 2012లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. మన తూర్పు కనుమలు ఆ హాట్‌స్పాట్ జాబితాలో లేవు. గోదావరి, కృష్ణ, పెన్న ముక్కలు ముక్కలుగా కోసిన కొండలు ఇవి. పైగా చాలాచోట్ల ఉన్నది ఎండిన చిట్టడవి. ఆ లెక్కను నేను తప్పు పట్టను. అది మొక్కల సంఖ్య చూసే లెక్క. కానీ ఎర్రచందనం ఎక్కడ పుట్టిందండీ? శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, ఈ చుట్టుపక్కల తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. జాబితాలో పేరు లేని నేలకు పరిశోధకులు కూడా తక్కువగానే వస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చిట్టడవిని మనమే అడవి అనుకోము. ముళ్లకంప అంటాం, బీడు అంటాం, బంజరు అంటాం. మంచి మనసుతో వచ్చినవాళ్లు కూడా "ఇక్కడ చెట్లు నాటుదాం" అంటారు. కలివి కోడికి చెట్లు నాటడమంటే ఇల్లు కూల్చడమే.

ఇది ఊరికే అనే మాట కాదు, కొలిచి చెప్పిన మాట. 2000 తర్వాత జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు లంకమలలో ఏళ్ల తరబడి పనిచేశారు. పిట్ట కంటికి కనబడదు కదా, మరి ఎలా వెతకాలి? పొదల మధ్య ఖాళీ దారుల్లో సన్నటి మట్టి జల్లించి, బారుగా పరిచి, పైన చదును చేశారు. సాయంత్రం అలా వదిలేసి తెల్లవారాక వెళ్లి చూడటం. ఒక్కసారి ఊహించుకోండి. ఎండ ఏటవాలుగా పడుతుంటే మోకాళ్ల మీద కూర్చుని ఆ మట్టిని చదవాలి. ఇది కుందేలు, ఇది కౌజు, ఇది తీతువు, ఇదుగో మూడు వేళ్లతో, వెనక వేలు లేకుండా ఒక ముద్ర. ఒక వాన చినుకు పడినా, ఒక మేకల మంద నడిచినా రాత్రి రాసిన రాత అంతా పోతుంది, మళ్లీ మొదలు. పక్కన కెమెరాలు కూడా పెట్టారు. పిట్ట గొంతును గుర్తుపట్టి, రికార్డు చేసి, దాన్ని వినిపించి జవాబు వస్తుందేమోనని కూడా చూశారు.

ఇంత కష్టపడితే తేలిందేమిటంటే, హెక్టారుకు రెండు మీటర్ల కన్నా ఎత్తయిన పొదలు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్నచోట ఈ పిట్ట ఎక్కువగా తిరుగుతుంది. మన ఎకరాల్లో అయితే పెద్ద పొదలు సుమారు 120 నుంచి 280 అన్నమాట. మరీ పలచనైనా ఉండదు, మరీ చిక్కనైనా ఉండదు.

ఈ కష్టం ఎంత విలువైనదో 2005లో తెలిసింది. తెలుగు గంగ కాలువ కోసం యంత్రాలు ఈ పొదలను దున్నుకుంటూ వచ్చేశాయి, అనుమతులు లేకుండా. పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతోందో అప్పటికే మ్యాపు మీద గుర్తులున్నాయి. అందుకే అడ్డుచెప్పడం కుదిరింది. పని ఆగింది, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కాలువ దారి మార్చారు. రైతుకు నీళ్లు వద్దని ఎవరూ అనలేదు, ఇటు కాకుండా అటు తిప్పండి అన్నారు. అలా చెప్పాలంటే 'ఇటు' ఏముందో ముందే తెలిసి ఉండాలి. నాకైతే పరిశోధన అంటే ఇదీ అనిపిస్తుంది.

అందుకే నేను ప్రతి పరిశోధనకూ పెట్టే పరీక్ష ఒక్కటే. దీని జవాబు వస్తే రేపు ఎవరు ఏ పని మార్చుకుంటారు? అటవీ శాఖ బీట్ ఆఫీసరా, మేకల కాపరా, కాలువ ఇంజనీరా? ఎవరూ మార్చుకోకపోతే ఆ ప్రశ్న కాస్త ఆగవచ్చు. ఈ పిట్ట జన్యుక్రమం తెలుసుకోవద్దని నేను అనను. ఇప్పుడే కాదు అంటాను. ఒక్కో కొండకు వెళ్లి సీతాకోకచిలుకల జాబితా రాసుకొచ్చి డిగ్రీ పుచ్చుకోవడం కూడా ఇప్పుడే కాదు.

మరి ఇప్పుడేమిటి? నన్నడిగితే మేకలు. నిజంగా మేకలే. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఈ పిట్ట కోసమే ఏర్పడింది. అభయారణ్యం అనగానే మనకు వచ్చే మొదటి ఆలోచన మేత ఆపేయడం, కట్టెలు కొట్టడం ఆపేయడం. కానీ ఇందాకటి అంకె గుర్తుచేసుకోండి. మేత ఎక్కువైతే పొదలు చస్తాయి. పూర్తిగా ఆపితే చిన్న పొదలు కమ్ముకుని వెయ్యి దాటిపోవచ్చు. పిట్టను కాపాడదామని వేసిన కంచే దాన్ని తరిమేయవచ్చు. ఎన్ని మేకలు, ఏ నెలల్లో, ఏ వైపు? దీనికి జవాబు కావాలంటే కొన్ని నేల ముక్కల్లో మేతకు వదిలి, కొన్నిటిలో కట్టడి చేసి, ఐదారేళ్లు ఓపిగ్గా పొదలు లెక్కపెట్టాలి. పేపర్లో ఫోటో వచ్చే పని కాదు ఇది. కానీ జవాబు వచ్చిన మర్నాడు కాపరికీ, అటవీ శాఖకూ మధ్య మాట్లాడుకోవడానికి ఒక లెక్క ఉంటుంది. ఇప్పుడున్నది టెన్షన్ మాత్రమే.

ఆ కాపరుల మీద కోపం తెచ్చుకునే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. సోమశిల జలాశయంలో ఊళ్లు మునిగాక చాలా కుటుంబాలు ఈ పక్కకే వచ్చి పొలాలు చేసుకున్నాయి. 1991 నుంచి 2000 మధ్య ఈ ప్రాంతంలో సాగుభూమి రెట్టింపు దాటిందని ఉపగ్రహ చిత్రాలు చూసినవాళ్లు తేల్చారు. పొదలు పోయి నిమ్మతోటలు వచ్చాయి. ఊరు పోగొట్టుకున్న మనిషి ఎక్కడో ఒకచోట బతకాలి కదా.

మేకల తర్వాత నా మనసు ఒక గుడ్డు మీదికి పోతుంది. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో 2013లో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించినది. డీఎన్ఏ చూస్తే కలివి కోడిదే. కోలారులో ఈ పిట్ట ఉన్నట్టు అప్పటిదాకా ఎక్కడా రాసి లేదు! అంటే మనం అనుకున్న చోట్లలోనే ఉందనుకోవడం పొరపాటు. అనంతపురం ఉంది, భద్రాచలం ఉంది. లంకమలలో 2008 తర్వాత చాలా ఏళ్లు ఎంత వెతికినా దొరకని రోజుల్లో కూడా ఈ పాత చోట్లన్నిటికీ గట్టిగా వెళ్లినవాళ్లు తక్కువ. రాత్రంతా శబ్దం రికార్డు చేసే చిన్న పెట్టెలు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి, గొంతు ఎలా ఉంటుందో తెలుసు. అసలు దీని గూడు అడవిలో ఎలా ఉంటుందో చూసి వర్ణించినవాళ్లు లేరు. గూడే తెలియని పిట్టను కాపాడుతున్నాం మనం.

బ్రిటన్‌లో 2006లో విలియం సదర్లండ్ బృందం ఒక పని చేసింది. ప్రభుత్వ విధానాలు చేసేవాళ్లను, శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి, వెయ్యికి పైగా ప్రశ్నలు పోగుచేసి, వడగట్టి వంద మిగిల్చారు. తూర్పు కనుమలకు అలా అందరూ కూర్చుని మాట్లాడుకోవడం ఒకటి జరగాలి. మారేడుమిల్లి తడి అడవికీ కడప ముళ్లకంపకూ ఒకే జాబితా పనికిరాదు, కాబట్టి విడివిడిగా జరగాలి. ఆ చాప మీద చెంచులు, యానాదులు, కాపరులు, అడవిలో తిరిగే వాచర్లు ముందే కూర్చోవాలి. ఇప్పుడు ఏం జరుగుతోంది? ప్రశ్న ఎక్కడో తయారవుతుంది, వీళ్లను దారి చూపించడానికి కూలికి పిలుస్తారు. 1986లో దారి చూపిన మనిషినే 1980లో అడిగి ఉంటే ఆరేళ్లు కలిసొచ్చేవి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గుత్తి సాలీడు అని ఒకటుంది, మెరిసే నీలం రంగు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, మళ్లీ వందేళ్లకు 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. అందంగా ఉంది కాబట్టి విదేశాల్లో పెంచుకునేవాళ్లకు దీని మీద కన్ను. ఇలాంటి జీవి ఏ చెట్టులో ఉందో పత్రికలో అచ్చు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఏది కనుక్కోవాలో ఆలోచించేటప్పుడే, కనుక్కున్నది ఎవరికి చెప్పాలో కూడా ఆలోచించాలి.

ఇది చూస్తున్నవాళ్లలో బద్వేలు, సిద్ధవటం, అట్లూరు, భద్రాచలం, అనంతపురం వాళ్లుంటే నాదొక కోరిక. ఈ పిట్ట బొమ్మను ఇంట్లో పెద్దవాళ్లకు, ముఖ్యంగా మేకలు కాసిన తాతలకు చూపించండి. దీన్ని వాళ్లు ఏమని పిలిచేవారో, చివరిసారి ఎప్పుడు చూశారో, రాత్రి ఎలా అరిచేదో అడిగి రాసుకోండి. చోటు పేరు మాత్రం నెట్‌లో పెట్టకండి. మీ దగ్గరి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి చెప్పండి.