పన్నెండు ప్రశ్నలు, పదకొండు చింతపిక్కలు: గాలప్ సర్వే మా కొట్లో ఎలా పనిచేసింది?

నమస్కారం అండీ. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. పనిచేసేవాళ్ళ మనసు తెలుసుకోవడానికి పెద్ద పెద్ద కంపెనీలు వాడే గాలప్ వారి పన్నెండు ప్రశ్నల సర్వే ఉంది కదా, దాన్ని మా ప్లంబింగ్, ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో మూడు నెలలు వాడి చూశాను. ఎలా ఉందో చెప్తాను.

ముందు మా సంగతి. 2025 జనవరి 6న ఇక్కడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగింది. ఊరు పెరుగుతుంది, ఇళ్ళు లేస్తాయి అన్న ఆశతో మేమూ స్టాకు పెంచాం. నాన్నగారి కాలం నుంచీ ఉన్న చేతిరాత బిల్లులు ఆపేసి బార్‌కోడ్ పెట్టాం. మాకు పదకొండు మంది స్టాఫ్. కౌంటర్లో తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి, గోడౌన్లో ఇద్దరు కుర్రాళ్ళు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. గోడౌన్ చూసుకునే బాబాయ్ మా దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉన్నారు. కరెంటు పోయినా చేత్తో తడిమి ఇది ముప్పావు, ఇది అంగుళం అని తీసిచ్చే మనిషి. బార్‌కోడ్ వచ్చిన నెలకే ఆయన మాట తగ్గించేశారు. అడిగితే "ఏం లేదమ్మా" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు టెన్షన్‌గా ఉండేది. అప్పుడే ఈ సర్వే వెతికి పట్టుకున్నాను.

గాలప్ అంటే 1935లో జార్జ్ గాలప్ అమెరికాలో మొదలుపెట్టిన సంస్థ. ప్రశ్నల హక్కులు వాళ్ళవే కాబట్టి మొత్తం చదివి వినిపించను. నా పని ఏంటో నాకు తెలుసా, దానికి కావలసిన సరంజామా నా దగ్గర ఉందా, ఈ వారంలో ఎవరైనా బాగా చేశావన్నారా, నా మాట లెక్కలోకి వస్తుందా... ఈ తరహాలో ఉంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి.

మొదటిసారి చీటీలు ఇచ్చాను. అన్నిట్లోనూ నాలుగులూ ఐదులే. సంతోషించాల్సింది పోయి దిగులేసింది. పదకొండు మందిలో ఎవరి చేతిరాత ఏదో నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. ఇక నిజం ఎవరు రాస్తారు? ఉద్యోగి పనిలో మనసు పెట్టడం అనే విషయం మీద 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు ఒక పేరున్న వ్యాసం రాశారు. పిల్లల వేసవి శిబిరంలో, ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేసేవాళ్ళని దగ్గరగా చూసి మూడు సంగతులు తేల్చారు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే తనకేమీ కాదన్న ధైర్యం ఉండాలి, ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగిలి ఉండాలి. నా చీటీలు ఆ రెండో దగ్గరే దెబ్బతిన్నాయి.

రెండోసారి చింతపిక్కలు తెచ్చాను. గోడౌన్లో తెర వెనక ఐదు స్టీలు డబ్బాలు పెట్టాం. మొదటిది "అస్సలు కాదు", ఐదోది "ముమ్మాటికీ అవును". ప్రశ్న చదివాక ఒక్కొక్కరే లోపలికెళ్ళి ఒక పిక్క వేసి వస్తారు. స్టీలులో పిక్క పడితే టంగుమంటుంది, ఏ మూల నుంచి వచ్చిందో బయటివాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని అడుగున పాత గుడ్డ పరిచాం. చిన్న కొట్లు నడిపేవాళ్ళు ఈ ఒక్క పని మరిచిపోకండి.

ప్రశ్నల భాష కూడా మార్చాను. "నీ అభిప్రాయానికి విలువ ఉందా" అంటే ఎవరైనా ఉందనే అంటారు. "నువ్వు చెప్తే ఇక్కడ వింటారా?" అని అడిగితే ఆలోచిస్తారు. ఒడియాలో మా కౌంటర్ అబ్బాయి, కువిలో గోడౌన్ కుర్రాడు చెప్పారు.

ఆ ప్రశ్నకి మొదటి డబ్బాలో నాలుగు పిక్కలు, రెండో దాంట్లో మూడు. ఐదో డబ్బా ఖాళీ. దాన్ని బోర్లించి చూశాను, గుడ్డ ముక్క ఒకటే పడింది. పక్కనే బాబాయ్ ఉన్నారు. "ఏం చెప్పనివ్వలేదు బాబాయ్ మేము?" అన్నాను. కాసేపు ఆగి స్క్రీన్ దగ్గరికి తీసుకెళ్ళి, పైపు మలుపు దగ్గర పెట్టే ఎల్బో ముక్క పేరు చూపించారు. "అర అంగుళం ఎల్బో అని ఒక్కటే రాశారమ్మా ఇందులో. మన దగ్గర సాదా ఉంది, ఇత్తడి మర ఉన్నది ఉంది, ముప్పావు నుంచి అరకి తగ్గేది ఉంది. కుర్రాళ్ళు ఏది చేతికొస్తే అది పంపుతున్నారు, తిరిగొస్తున్నాయి."

సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు సామాన్ల పేర్లు ఎక్కించింది నేనూ, బయట నుంచి వచ్చిన ఒక టెక్నీషియనూ. ఇరవై రెండేళ్ళుగా వాటిని చేత్తో పట్టుకున్న మనిషిని పిలవలేదు. ఆ తప్పు నాది. ఆ వారమే బాబాయ్ పక్కన కూర్చుని పేర్లన్నీ మళ్ళీ రాయించాం. "ఇత్తడి ఎల్బో" అని తెలుగులోనే ఎక్కించాం. ఇప్పుడు తప్పు సామాను తిరిగిరావడం బాగా తగ్గింది.

ఇక సర్వే మీద నా మాట. పనిలో మార్పు తెచ్చే సమయంలో మొదటి రెండు ప్రశ్నలూ, మాట చెల్లుబాటు గురించి అడిగేదీ బంగారం. పని దగ్గర ప్రాణస్నేహితుడున్నాడా అనే ప్రశ్న మాత్రం మాకు కుదరలేదు. మా దగ్గర సగం మంది ఒకే వీధివాళ్ళు, వరసలు కలిసినవాళ్ళు. ఆ ప్రశ్నకి నవ్వేశారు. జట్టుకీ జట్టుకీ మధ్య ఉత్సాహంలో కనిపించే తేడాలో 70 శాతం దాకా మేనేజర్ వల్లే అని గాలప్ లెక్క చెప్తుంది. ఆ అంకె మాకెంతవరకు వర్తించినా, ఆ ఐదో డబ్బా ఖాళీగా ఉండటానికి కారణం నేనేనని మాత్రం ఒప్పుకుంటాను.

ఒక హెచ్చరిక. అడిగాక వారంలోగా ఒక్క చిన్న పనైనా చేయలేను అనుకుంటే అసలు అడగకండి. నోరు విప్పినా ఏమీ జరగదని తెలిసిన మనిషి రెండోసారి విప్పడు. పిక్కల లెక్క చూసి ఎవరికీ జీతం కోత, బోనస్ లాంటివి ముడిపెట్టకండి, మళ్ళీ అన్నీ ఐదో డబ్బాలోనే పడతాయి.

వచ్చే శనివారం షట్టర్ దించాక మళ్ళీ డబ్బాలు పెడుతున్నాం. ఈసారి ప్రశ్నలు చదివేది బాబాయ్. ఇంకో ప్రశ్న తనే కలుపుతానన్నారు, ఏంటో నాకు ఇంకా చెప్పలేదు.