ఓర్కాను ఫోటోతో గుర్తుపట్టడం ఎలా?

నమస్తే అండి. రీసెర్చ్ పడవ మీద వాలంటీర్‌గా వెళ్లి ఓర్కాలను, అంటే కిల్లర్ వేల్స్‌ను ఫోటో తీయాలనుకునే వాళ్ల కోసం ఈ వీడియో. హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా చేతికి కావాల్సిన ప్రాక్టీస్ ఇక్కడే దొరుకుతుంది. అదెలాగో కూడా చెప్తాను.

స్క్రీన్ మీద ఈ రెండు ఫోటోలు చూడండి. మొదటిదాంట్లో ఓర్కా నీళ్లలోంచి పూర్తిగా పైకి ఎగిరింది. చాలా బాగుంది, కానీ గుర్తుపట్టడానికి పెద్దగా పనికిరాదు. రెండోదాంట్లో వీపు, దాని మీది రెక్క తప్ప ఇంకేం లేదు. మనకు కావాల్సింది ఇదే. రెక్క వెనక అంచులో చిన్న గాటు ఉంది చూశారా? రెక్క మొదట్లో, వెనక వైపు బూడిద రంగు మచ్చ ఉంది. దీన్నే శాడిల్ ప్యాచ్ అంటారు. దాని మీద ఏటవాలుగా రెండు గీతలు. గాటు, మచ్చ ఆకారం, గీతలు మూడూ కలిపి చూస్తే ఇది ఏ ఓర్కానో చెప్పేయొచ్చు.

1970ల మొదట్లో కెనడా పశ్చిమ తీరంలో మైకేల్ బిగ్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఈ పద్ధతిని నిలబెట్టారు. అప్పట్లో అక్వేరియంల కోసం పిల్ల ఓర్కాలను పట్టుకెళ్లేవాళ్లు, సముద్రంలో వేలకొద్దీ ఉన్నాయిలే అన్న ధీమాతో. తీరా లెక్కేస్తే అక్కడున్నవి వందల్లోనే తేలాయి. 2018లో జె35 అనే నంబరున్న తల్లి ఓర్కా చనిపోయిన పిల్లను 17 రోజులు మోస్తూ తిరిగింది. రోజూ కనిపిస్తున్నది అదే తల్లి అని చెప్పగలిగారంటే ఈ పద్ధతి వల్లే. ఈ పని మీద నాకు ఇంత ప్రేమ అందుకే.

ఇక పడవలోకి వద్దాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 నుంచి మామూలు పడవలు సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు (జె35 ఈ గుంపుదే) 1,000 గజాల దూరంలో ఉండాలి. దగ్గరికి వెళ్లేది పర్మిట్ ఉన్న రీసెర్చ్ పడవలే. అవి కూడా వెంటపడవు, దారికి అడ్డం వెళ్లవు. ఓర్కాకు పక్కగా, దాని వేగంతోనే నెమ్మదిగా సాగుతాయి. మీరు ఎడమ పక్క తప్పనిసరిగా తీయండి. శాడిల్ ప్యాచ్ రెండు పక్కలా ఒకేలా ఉండదు. బిగ్ కాలం నుంచీ అక్కడి క్యాటలాగ్‌లలో, అంటే ఒక్కో ఓర్కా ఫోటో, నంబరు ఉండే జాబితాల్లో, ఎడమ పక్కకే ప్రాధాన్యం. కుడి పక్క కూడా దొరికితే ఇంకా మంచిది.

షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కన్నా తగ్గించొద్దు. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే సెట్టింగ్, పెంచండి. ఫోటోలో కాస్త గ్రెయిన్ (చుక్కచుక్కలుగా) వచ్చినా పర్లేదు, షేక్ అయితే మాత్రం గాటు కనపడదు. ఊపిరి ఆవిరి పైకి లేవగానే టెన్షన్‌తో బటన్ నొక్కేయకండి. శాడిల్ ప్యాచ్ నీటి పైకి వచ్చేదాకా ఆగి, అప్పుడు బర్స్ట్ కొట్టండి, అంటే వరుసగా ఫోటోలు తీయండి. మగ ఓర్కా రెక్క 1.8 మీటర్ల దాకా ఉంటుంది, కొస కట్ అవకుండా పైన ఖాళీ వదలండి.

దీని ప్రాక్టీస్‌కి లుంబినీ పార్క్‌లో బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లే బోటు ఎక్కండి. పక్క నుంచి వెళ్లే బోట్లను, వాటి మీది అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా తీయండి. అది కుదిరాక హుస్సేన్‌సాగర్ మీద తిరిగే గద్దల్ని పట్టండి, తోక ఈకలు విడివిడిగా కనపడాలి.

మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు కెమెరా గడియారం మార్చడం మర్చిపోతారు. దాన్ని జీపీఎస్ టైంతో కలపండి, లేకపోతే ఏ ఫోటో ఎక్కడ తీశారో తేలదు. ఒక ఓర్కా అయిపోయి ఇంకోదానికి వెళ్లే ముందు నోట్‌బుక్ పేజీని ఒక ఫోటో తీయండి. రాత్రి ఫోటోలు సర్దేటప్పుడు ఏది ఎక్కడ మొదలైందో వెంటనే తెలుస్తుంది.

పసిపిల్లలకు శాడిల్ ప్యాచ్ మసకగా ఉంటుంది. వాటికి కంటి దగ్గరి తెల్ల మచ్చ ఆకారం చూడాలి, పక్కనే ఈదే తల్లిని కూడా కలిపి తీయాలి.

చివరగా క్యాటలాగ్‌తో పోల్చేటప్పుడు, గాటు ఒక్కటే కలిసిందని నంబరు రాసేయకండి. కొత్త గాట్లు పడుతూనే ఉంటాయి. శాడిల్ ప్యాచ్ కూడా కలవాలి. అనుమానం ఉంటే 'తెలియదు' అని రాసి, ఇంకొకరికి చూపించండి. తొందరపడి తప్పు నంబరు రాస్తే, ఎప్పుడో చనిపోయిన ఓర్కా కూడా లెక్కల్లో బతికే ఉంటుంది.