గ్రావెల్ బైక్ కొనకండి, ముందు మీ టైరు చూడండి!

నమస్తే అండీ. పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ డీసీ దాకా సైకిల్ మీద వెళ్లాలంటే వేల డాలర్ల గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారుల కోసం వెడల్పు టైర్లు పట్టేలా చేసిన రేసింగ్ తరహా సైకిల్) ఉండాల్సిందేనా అని మన వర్జీనియా, మేరీల్యాండ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో గొడవ నడుస్తోంది కదా, నా మాట ఒక్కటే. అక్కర్లేదు! కావాల్సింది వెడల్పు టైరు.

అసలు దారి చూడండి. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్‌ల్యాండ్ దాకా 150 మైళ్లు పాత రైలు మార్గం, సున్నపురాయి పొడి పరిచి గట్టిగా అణగ్గొట్టారు. రైలు ఎక్కిన దారి కాబట్టి ఎక్కడా 2 శాతానికి మించి ఎత్తు లేదు. దీనికి కార్బన్ ఫ్రేమ్ ఎందుకండీ? అసలు పరీక్ష కంబర్‌ల్యాండ్ దాటాక, సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) అనే పాత పడవల కాలువ గట్టు మీద, 184.5 మైళ్లు. ఒకప్పుడు కంచర గాడిదలు పడవలు లాగుతూ నడిచిన గట్టు అది, వాన పడితే బురద, చెట్ల వేర్లు, గుంటలు. 1950ల్లో దాని మీద కార్ల రోడ్డు వేస్తామంటే సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ 1954లో కంబర్‌ల్యాండ్ నుంచి ఆ గట్టు వెంట నడిచి మరీ అడ్డుపడ్డారు. ఆయన పుణ్యాన మిగిలిన దారిలో 28 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్న టైరుతో నడుం విరగ్గొట్టుకుంటారా!

వెడల్పు టైరు స్లో అనే మాట నాకు ఒళ్లు మండిస్తుంది. గాలి బిర్రుగా కొట్టిన సన్న టైరు ప్రతి రాయికీ సైకిల్‌నీ మిమ్మల్నీ కలిపి పైకి ఎగరేస్తుంది, ఆ ఎగరేసే శక్తి వచ్చేది మీ కాళ్లలోంచే. అదే 42 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్‌ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర గాలి పెట్టండి, రాయి టైరులోకి దిగిపోతుంది, చక్రం ముందుకే పోతుంది. మరీ తగ్గించకండి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి చిల్లు పడుతుంది.

నన్నడిగితే ఇదంతా కంపెనీల వ్యాపారం. మొన్న మౌంటెన్ బైక్, నిన్న రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే హైబ్రిడ్, ఇవాళ గ్రావెల్, పేరు మారినప్పుడల్లా మన పర్సు తెరవాలి. మీ బేస్‌మెంట్‌లో దుమ్ము పట్టిన ఆ హైబ్రిడ్ ఉంది చూశారూ, చాలావాటికి 40 టైరు హాయిగా పడుతుంది! టైరు కొనేముందు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దగ్గర, వెనక ఫ్రేమ్ పైపుల దగ్గర కొలవండి, టైరుకి రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే బురద ఇరుక్కుని చక్రం తిరగదు. పెద్ద గుబ్బల టైర్లు వద్దు, గరుకుగా ఉంటే చాలు. మిగిలిన డబ్బుతో మడ్‌గార్డులు వేయించుకోండి. సన్న టైరు తప్ప పట్టని రేసింగ్ సైకిలే మీ దగ్గరుంటే మాత్రం దాన్ని తేవద్దు, పాత మౌంటెన్ బైక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి.

ఇప్పుడే వెళ్లి మీ టైరు పక్కన చూడండి, 700 బై 38 లాంటి నంబరు రాసి ఉంటుంది, అందులో 38 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. ఆ నంబరు, మీ బరువు కామెంట్లో పెట్టండి, గాలి ఎంత పెట్టాలో ఒక్కొక్కరికీ చెప్తా. కాదు, గ్రావెల్ బైకే కావాలంటారా, ఎందుకో అదీ రాయండి, తేల్చుకుందాం!