ఫోను పగిలేది ఎత్తు వల్లనా, నేల వల్లనా?

నమస్కారం. కార్నింగ్ సంస్థ 2022లో గొరిల్లా గ్లాస్ విక్టస్ 2 అనే ఫోను తెర గాజును తెచ్చినప్పుడు రెండు లెక్కలు చెప్పింది. తారు లాంటి గరుకు మీదయితే రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందట; కాంక్రీటు లాంటి దాని మీదయితే ఒక్క మీటరే. గాజు అదే, నేల మారేసరికి ఎత్తు సగమైంది. మనం దుకాణంలో ఎత్తు సంగతి అడుగుతాం కాని, నేల ఊసెత్తం.

ఎందుకిలా అంటే, ఆ గాజు తయారీలో ఉంది కిటుకు. కోసిన పలకలను సుమారు 400 డిగ్రీల వేడిలో, కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. పైపొరలోని సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) బయటికి వచ్చేసి, వాటి చోట్లలోకి లావుపాటి పొటాషియం అయాన్లు దూరతాయి. నిండిన బస్సులో బక్కపలచని మనిషి దిగి, భారీ మనిషి ఎక్కినట్లు! పైపొర ఒత్తుకుని బిగుసుకుంటుంది. పగులు విచ్చుకోవాలంటే ముందు ఆ బిగువును గెలవాలి. కాని ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ, అంతే. నున్నటి టైల్సు మీద పడితే గాజు కాస్త వంగి, చాలాసార్లు బతికిపోతుంది. కంకర మొన దిగబడిందా, పొరను దాటి లోపలికి చేరుతుంది. లోపలి గాజు అసలే లాగుడులో ఉంటుంది. ఇక పగులును ఆపేదేమీ లేదు.

మరి నీలమణి పలక పెట్టవచ్చు కదా అంటారా? గీతను తట్టుకునే గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో వజ్రానిది 10, నీలమణిది 9. ఇసుక కూడా దాన్ని గీకలేదు. కానీ గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. నీలమణి వంగనని మొరాయిస్తుంది. అంచున కంటికి కనిపించని నెర్రె ఒక్కటున్నా, పడగానే అక్కడి నుంచే చీలిపోతుంది. పైగా బరువు, ఖరీదు. చేతిగడియారానికి, కెమెరా మీది చిన్న పలకకు సరే; ఫోను ముఖమంతటికీ నేనైతే కోరను.

ప్లాస్టిక్ దీనికి పూర్తిగా తిరగబడిన సరుకు. అంత తేలిగ్గా పగలదు, కాని ఇట్టే చార పడుతుంది. 2015లో మోటరోలా అలాంటి ఫోను తెచ్చి, తెర పగలదని హామీ కూడా ఇచ్చింది.

ఐఫోన్ 12తో 2020లో వచ్చిన సిరామిక్ షీల్డ్ అనే తెర గాజు దారి వేరు. గాజులోనే అతి సూక్ష్మమైన స్ఫటికాలు పెంచుతారు. పగులు వాటికి తగిలి దారి మళ్లుతుంది.

అందుకే ఏ గాజయినా సరే, అంచులు తెరకన్నా ఎత్తుగా ఉండే కవరు వేయండి. బోర్లా పడినా చిన్న కంకర గాజు దాకా రాదు.