మెస్కలిన్ మెదడులో ఏం చేస్తుంది? తొలి పరిశోధకుల మీద స్టూడియో చర్చ

యాంకర్: సార్, కలలాంటి దృశ్యాలు చూపించే ఈ మెస్కలిన్ మీద పరిశోధన అసలెలా మొదలైంది?

ఫార్మకాలజీ ప్రొఫెసర్: మెస్కలిన్ ఉండేది పెయోటీ అనే ముళ్ళులేని చిన్న కాక్టస్‌లో. ఆ కాక్టస్ ల్యాబ్‌లోకి వచ్చింది 1880ల్లోనండి, బెర్లిన్‌లో లూయిస్ లెవిన్ అనే శాస్త్రవేత్త దాని మీద పని చేశాడు. కానీ ఆ పెయోటీని మెక్సికోలో హుయిచోల్ అనే ఆదివాసులు అంతకుముందు నుంచే పూజల్లో వాడుతున్నారు, ఆ సంగతి ముందు చెప్పాలి, వాళ్ళకి తెలిసిందే వీళ్ళు టెస్ట్ చేశారు.

యాంకర్: మరి ఆ తర్వాత వచ్చిన శాస్త్రవేత్త హెఫ్టర్ గొప్పతనం ఏంటి?

ప్రొఫెసర్: అక్కడికే వస్తున్నా. ఆ కాక్టస్‌లో ఆల్కలాయిడ్లు, అంటే మొక్కల్లో తయారయ్యే ఒక రకం రసాయనాలు, చాలా ఉన్నాయి, కలలాంటి దృశ్యాలు దేని వల్ల వస్తున్నాయో తెలియాలి కదా, జంతువుకిస్తే అది ఏం చూసిందో చెప్పలేదు. అందుకని లీప్‌జిగ్‌లో ఆర్థర్ హెఫ్టర్ ఒక్కోటి విడదీసి తనే తీసుకున్నాడు, 1897 నవంబర్ 23న మెస్కలిన్ 150 మిల్లీగ్రాములు. చదువుతుంటే కాగితం మీద ఊదా, ఆకుపచ్చ మచ్చలు, కళ్ళు మూస్తే తివాచీ డిజైన్లు... అన్నీ రాసుకున్నాడు. నాకైతే ఆ ఓపిక చూస్తే చాలా గౌరవం. 1919లో వియన్నాలో ఎర్నెస్ట్ ష్పాత్ దాన్ని ల్యాబ్‌లోనే తయారుచేశాక కాక్టస్ అవసరమే లేకపోయింది.

సైకియాట్రిస్ట్: అక్కడ్నుంచి మా వాళ్ళు అందుకున్నారు సార్. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బెరింగర్ అనే సైకియాట్రిస్ట్ డాక్టర్లకీ మెడికల్ స్టూడెంట్లకీ ఇచ్చి అనుభవాలు రాయించాడు. 1928లో క్లూవర్ అనే పరిశోధకుడు గమనించింది నాకు ఇంకా ఇష్టం, ఎవరు తీసుకున్నా తేనెపట్టు గళ్ళు, సాలెగూళ్ళు, సొరంగాలు, స్పైరల్స్, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయంట, అంటే అవి మనిషి జ్ఞాపకాల్లోంచి కాదు, చూపుకి సంబంధించిన మెదడు అమరికలోంచే వస్తున్నాయనిపిస్తుంది కదా.

యాంకర్: లేనివి కనిపించే, వినిపించే మానసిక జబ్బు స్కిజోఫ్రేనియాకి కూడా లింక్ పెట్టారు కదా మేడమ్?

సైకియాట్రిస్ట్: పెట్టారండి. 1952లో ఆస్మండ్, స్మైథీస్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు మెస్కలిన్ నిర్మాణం మన ఒంట్లోని అడ్రినలిన్ హార్మోన్‌ని పోలి ఉందని చూసి, శరీరంలోనే అలాంటి పదార్థం తయారై జబ్బు తెస్తోందేమో అన్నారు. అది నిలబడలేదు, కానీ మానసిక జబ్బుకి కెమికల్ కారణం వెతకాలన్న ఆలోచన బలపడింది. అసలు నరాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం మెదడులో ఉందని తేలిందే 1953లో.

యాంకర్: ఇప్పుడేమంటున్నారు?

ప్రొఫెసర్: మెస్కలిన్ ముఖ్యంగా సెరటోనిన్ 2ఏ రిసెప్టర్‌ని, అంటే సెరటోనిన్ సంకేతాన్ని అందుకునే ఓ ప్రోటీన్‌ని కదిలిస్తుందండి, ఇలాంటి దృశ్యాలే చూపించే ఎల్‌ఎస్‌డీ అనే డ్రగ్ పనిచేసేది కూడా దాని మీదే. కాకపోతే ఎల్‌ఎస్‌డీకి మైక్రోగ్రాములు చాలు, దీనికి వందల మిల్లీగ్రాములు కావాలి, ప్రభావం పది గంటలు దాటి ఉంటుంది, వికారం కూడా పుడుతుంది.